అసలు ఉచితం, కొసరుకు వెల

ఆఫీసు సాఫ్ట్‌వేర్ అన్నప్పుడు వ్యవహారంలో ఉన్న అర్థం ప్రధానంగా మూడు పనిముట్ల కట్ట: లేఖలూ నివేదికలూ రాసుకునే వర్డ్ ప్రాసెసర్, గళ్ళలో అంకెలు నింపి లెక్కలు కట్టుకునే స్ప్రెడ్‌షీట్, సభలో తెర మీద ఒకదాని వెంట ఒకటి చూపే స్లైడ్లను తయారుచేసే ప్రెజెంటేషన్ యాప్. ఒకప్పుడు ఇవి డబ్బాలో పెట్టి అమ్మిన సీడీ రూపంలో వచ్చి, బల్ల మీది కంప్యూటరులో ఎక్కించుకుంటే తప్ప పనిచేయని సరుకుగా ఉండేవి. ఇప్పుడు అవే చేతి ఫోనులోకి దిగివచ్చి, పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. అయితే ఇన్‌స్టాల్ చేసిన యాప్‌ను నాలుగైదు రోజులు వాడేసరికి కొన్ని మీటల పక్కన చిన్న తాళం బొమ్మో, కిరీటం బొమ్మో కనిపించడం, దాన్ని నొక్కితే కోరిన పని జరగడానికి బదులు నెలకింత, ఏడాదికింత అనే ధరల పట్టిక ప్రత్యక్షం కావడం వాడుకరుల్లో చాలామందికి తెలిసిన సంగతే. ఏ మీట ఉచితం, ఏ మీటకు డబ్బు అనే ఆ గీతను ఎవరు, ఏ లెక్కన గీస్తారన్నది ఈ ప్రసంగానికి విషయం.

తెలుగునాట సంతకు వెళ్ళేవారికి అసలు, కొసరు అనే జంట మాటలను వివరించనక్కరలేదు. తూకం వేసి డబ్బు పుచ్చుకునేది అసలు. తూకం ముగిశాక సంచిలో ఊరికే పడే గుప్పెడు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో కొసరు. ఫోను సాఫ్ట్‌వేర్ వ్యాపారం ఈ పద్ధతిని తలకిందులు చేసి, అసలును ఊరికే ఇచ్చి కొసరును అమ్మకానికి పెట్టింది. దీనికి ఇంగ్లీషు వ్యాపార పరిభాషలో ఫ్రీమియం అని పేరు. ఫ్రీ, ప్రీమియం అనే రెండు మాటలను అతికించిన ఈ పేరు 2006లో, న్యూయార్క్‌కు చెందిన పెట్టుబడిదారు ఫ్రెడ్ విల్సన్ ఈ వ్యాపార నమూనాను వర్ణించి దానికి తగిన పేరు సూచించమని అడిగినప్పుడు పుట్టింది. పేరు కొత్తదే గాని ఆలోచన అంతకంటే పాతది. మైక్రోసాఫ్ట్‌లో తొలినాళ్ళలో పనిచేసి బయటికి వచ్చిన బాబ్ వాలెస్ 1983లో పీసీ-రైట్ అనే వర్డ్ ప్రాసెసర్‌ను విడుదల చేసి, దాన్ని ఎవరైనా నకలు తీసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చని ప్రకటించాడు; డబ్బు కట్టి నమోదు చేసుకున్నవారికి అచ్చు వేసిన పుస్తకం, సందేహం వస్తే ఫోనులో సహాయం అందేవి. షేర్‌వేర్ అని పేరుపడిన ఆ పద్ధతిలో ప్రోగ్రాం లోపల మూసిన గది అంటూ లేదు, డబ్బు కట్టనివాడి చేతిలో ఉన్నదీ కట్టినవాడి చేతిలో ఉన్నదీ ఒకే సరుకు. నేటి ఫోను యాప్‌లోనూ సరుకు ఒకటే, కాకపోతే అందులో కొంత భాగం తాళం వేసి ఉంటుంది.

ఫోనులో ఈ తాళాలు వచ్చిన క్రమం కాస్త నిదానంగా చూడదగ్గది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2013 జూన్‌లో ఐఫోన్‌కు ఆఫీస్ మొబైల్ అనే యాప్‌ను విడుదల చేసినప్పుడు, ఆఫీస్ 365 చందా ఉన్నవారికి తప్ప అది ఎందుకూ పనికిరాలేదు. ఆ ఏడాదికి ముందే, 2012 జూన్‌లో, గూగుల్ సంస్థ క్విక్‌ఆఫీస్ అనే మొబైల్ ఆఫీసు యాప్ సంస్థను కొనేసింది. 2013 సెప్టెంబరులో ఆ యాప్‌ను అందరికీ ఉచితం చేసింది. దాదాపు అదే రోజుల్లో యాపిల్ కూడా, 2010లో ఐప్యాడ్‌తోపాటు ఒక్కొక్కటి 9.99 డాలర్లకు అమ్మిన పేజెస్, నంబర్స్, కీనోట్ యాప్‌లను కొత్త పరికరం కొన్నవారికి ఊరికే ఇవ్వడం మొదలుపెట్టి, 2017 ఏప్రిల్‌లో మిగతావారికీ ఉచితం చేసింది. యాపిల్ రాబడి పరికరం అమ్మకంలోనూ, గూగుల్ రాబడి ప్రకటనల్లోనూ ఉన్నందువల్ల వారికి ఈ యాప్‌లు ఊరికే ఇవ్వగల కొసరు. సాఫ్ట్‌వేర్ అమ్మకమే బతుకుతెరువైన మైక్రోసాఫ్ట్‌కు మాత్రం అదే అసలు. హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థ పగ్గాలు చేపట్టి, మార్చి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐప్యాడ్‌కు వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ యాప్‌లను విడుదల చేసినప్పుడు, వాటిలో ఫైలు తెరిచి చదవడం ఉచితం, ఒక్క అక్షరం మార్చాలన్నా చందా తప్పనిసరి. ఆ కట్టుబాటు ఎనిమిది నెలలైనా నిలవలేదు; నవంబరులో రాయడం, దిద్దడం కూడా ఉచితమైపోయి, తాళాలు ఇంకాస్త లోపలి గదులకు జరిగాయి.

ఆ జరిపిన తీరులో ఒక వింత ఉంది. మైక్రోసాఫ్ట్ పెట్టుకున్న నియమం ప్రకారం తెర మూలనుంచి మూలకు 10.1 అంగుళాలు గాని అంతకంటే తక్కువ గాని ఉన్న పరికరంలో సొంత అవసరాలకు దిద్దుబాటు ఉచితం, తెర అంతకు మించితే చందా కావాలి. 2015లో 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో వచ్చినప్పుడు ఈ నియమం కొట్టొచ్చినట్టు కనిపించింది: ఒకే ఫైలు, ఒకే యాప్, ఒకే మనిషి, అయినా చిన్న తెర మీద దిద్దనిచ్చిన వాక్యాన్ని పెద్ద తెర మీద చదివి ఊరుకోవలసిందే. అంత పెద్ద తెర కొన్నవాడు దాన్ని కంప్యూటరుకు బదులుగా వాడుకుంటాడు గనుక, కంప్యూటరు వాడేవాడి దగ్గర వసూలు చేసినట్టే అతని దగ్గరా వసూలు చేయాలన్నది దీని వెనుక ఉన్న లెక్క. చొక్కా కొలత చూసి భోజనం ధర చెప్పే పూటకూళ్ళ ఇల్లు ఎక్కడైనా ఉంటే దానికి ఇది దగ్గర చుట్టం.

మైక్రోసాఫ్ట్ తన మొబైల్ వర్డ్‌లో చందాదారులకే కేటాయించినట్టు ప్రకటించిన జాబితాలో పేజీని అడ్డం తిప్పడం, పుటను నిలువు వరుసలుగా విడగొట్టడం, సెక్షన్ బ్రేకులు పెట్టడం, వేర్వేరు పేజీలకు వేర్వేరు హెడర్లు ఇవ్వడం, ఇతరులు చేసిన మార్పులను ఒక్కొక్కటిగా ఆమోదించడం, ఆకారాలకు కోరిన రంగు వేయడం వంటివి ఉన్నాయి. ఇటువంటి జాబితాలు కాలాన్ని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటాయి గాని, వీటిలో మొదటిదాన్ని దగ్గరగా చూస్తే గుట్టు మొత్తం దానిలోనే దొరుకుతుంది.

మధ్యాహ్న భోజన పథకం లెక్క రాసే ఒక బడి పట్టికను ఉదాహరణగా తీసుకోవచ్చు. తేదీ, నమోదు, హాజరు, భోజనం చేసినవారు, బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు, ఖర్చు, నిల్వ, సంతకం అని అందులో 12 గళ్ళు ఉంటాయనుకుంటే, 21 సెంటీమీటర్ల వెడల్పున్న నిలువు ఏ4 పేజీలో అటూ ఇటూ మార్జిన్లు పోగా మిగిలేది 16 సెంటీమీటర్ల లోపే, అంటే ఒక్కో గడికి 1.3 సెంటీమీటర్లు. అందులో ‘కూరగాయలు’ అనే మాట పట్టక, రెండో మూడో ముక్కలై కిందికి జారుతుంది. ‘భోజనం చేసినవారు’ అన్న శీర్షిక నిచ్చెన మెట్లలా దిగుతూ పోతుంది. అదే పేజీని అడ్డం తిప్పితే వెడల్పు 29.7 సెంటీమీటర్లై, ఒక్కో గడికి రెండు సెంటీమీటర్లకు పైగా చోటు వచ్చి, పట్టిక పట్టికలా కనిపిస్తుంది. ఫోనులో పని ముగించుకుందామని కూర్చున్న ఉపాధ్యాయుడికి అంతవరకూ అన్నీ ఊరికే దొరికి, సరిగ్గా ఈ మలుపు దగ్గర తాళం ఎదురవుతుంది.

ఈ మలుపు తయారీదారుకు ఎంత ఖర్చు తెచ్చిపెడుతుందన్నది కూడా లెక్క తేలే విషయమే. వర్డ్ ఫైలు పైకి ఒకే వస్తువులా కనిపించినా, నిజానికి అది కొన్ని చిన్న ఫైళ్ళను కలిపి జిప్ చేసిన మూట. ఆ మూట విప్పితే లోపల పేజీ కొలతను చెప్పే ఒక పంక్తి ఉంటుంది. ఏ4 పేజీకి అందులో వెడల్పు 11906 అని, ఎత్తు 16838 అని రాసి ఉంటుంది. ఈ అంకెల కొలమానం పాయింటులో ఇరవయ్యో వంతు. పాయింటు అనేది అచ్చు పనిలో అక్షరాల పరిమాణానికి వాడే కొలత, అంగుళానికి 72. పేజీని అడ్డం తిప్పడమంటే ఆ రెండు అంకెలూ చోట్లు మారడం, వాటి పక్కన ల్యాండ్‌స్కేప్ అనే మాట చేరడం, అంతే. దీనికి సర్వరు అక్కరలేదు, మనుషులు అక్కరలేదు, విద్యుత్తు సైతం లెక్కలోకి రాదు. గూగుల్ డాక్స్ మొబైల్ యాప్‌లో పేజ్ సెటప్‌లోకి వెళ్ళినవారికి ఇదే పని ఉచితంగా జరుగుతుందన్న సంగతి చూస్తే, ఈ తాళానికి ఖర్చు కారణం కాదని ఇంకా తేటతెల్లమవుతుంది.

కారణమేమిటో అర్థశాస్త్రం చాలాకాలం కిందటే పట్టుకుంది. ఫ్రాన్సుకు చెందిన ఇంజినీరు, అర్థశాస్త్రవేత్త జూల్ ద్యుప్యుయి 1849లోనే రైళ్ళ గురించి రాస్తూ, మూడో తరగతి పెట్టెలకు పైకప్పు వేయకపోవడం కప్పు ఖర్చును మిగుల్చుకోవడానికి కాదని, రెండో తరగతి టికెట్టు కొనగలిగినవాడు మూడో తరగతిలో ఎక్కకుండా భయపెట్టడానికని వివరించాడు. పేదవాడు తడవడం అక్కడ ఉద్దేశం కాదు, ఉన్నవాడి జేబు కోసం వేసిన ఎత్తులో అది పక్కన పడిన దెబ్బ. 1990లో ఐబీఎం విడుదల చేసిన లేజర్ ప్రింటరు ఇ అనే చౌక రకం నిమిషానికి ఐదు పేజీలు అచ్చు వేసేది, ఖరీదైన రకం పది వేసేది. రెండింటి యంత్రం ఒకటే, చౌకదానిలో మాత్రం పనిని ఆలస్యం చేయడానికి అదనంగా ఒక ఏర్పాటు పెట్టారు, అంటే నెమ్మదిగా నడిచేదాన్ని తయారుచేయడానికే ఎక్కువ ఖర్చయింది. అర్థశాస్త్రంలో ఇటువంటి వస్తువును చెడగొట్టిన సరుకు అంటారు. సమాచార వస్తువులను ఇలా రకాలుగా విడగొట్టి అమ్మడం ఎలాగో పాఠంలా చెప్పిన అర్థశాస్త్రవేత్తల్లో ఒకరైన హాల్ వేరియన్ తరువాత గూగుల్ సంస్థకే ప్రధాన ఆర్థికవేత్త అయ్యాడని తెలిస్తే, ఈ విద్య ఎక్కడినుంచి ఎక్కడికి ప్రవహించిందో ఊహించడం కష్టం కాదు.

ఈ దృష్టితో చూసినప్పుడు తాళాల జాబితా ఒక మనిషి బొమ్మను గీస్తుంది. ఉచిత భాగంలో ఉన్న పనులన్నీ ఒంటరిగా కూర్చుని రాసుకునేవాడికి సరిపోయేవి. డబ్బు అడిగే పనుల్లో ముఖ్యమైనవి కాగితం రెండో మనిషి చేతికి వెళ్ళినప్పుడు అవసరపడేవి. ట్రాక్ చేంజెస్ అనే మార్పుల జాడనే తీసుకుంటే, ఒకరు రాసినదాన్ని మరొకరు దిద్దినప్పుడు కొట్టివేతలూ చేర్పులూ వేరే రంగులో కనిపించి, వాటిని ఒప్పుకోవడమో తోసిపుచ్చడమో మొదటివాడి చేతిలో ఉండే ఏర్పాటు అది. వకీలుకు, సంపాదకుడికి, పరిశోధక విద్యార్థి గైడుకు అది లేకపోతే పూట గడవదు, కిరాణా సామాను జాబితా రాసుకునేవాడికి దాని ఊసే పట్టదు. పవర్‌పాయింట్‌లో ప్రెజెంటర్ వ్యూ, అంటే సభకు స్లైడు మాత్రమే కనిపిస్తూ వక్తకు తన తెర మీద గుర్తులు కూడా కనిపించే సదుపాయం, అదే వరుసలోకి వస్తుంది. తాళం వేసింది పని బరువును బట్టి కాదు, ఆ పని చేసేవాడికి జీతమో ఫీజో వస్తూ ఉండవచ్చునన్న అంచనాను బట్టి. వ్యాపార అవసరానికి ఉచిత రకం వాడరాదన్న షరతు కూడా మైక్రోసాఫ్ట్ నిబంధనల్లో ఉంది గాని, ఫోనులో చిట్టా రాసుకునే చిన్న దుకాణదారుల్లో ఆ షరతు చదివినవారు ఎందరో చెప్పడం కష్టం.

అయితే ఈ అంచనా ఎక్కువగా కంప్యూటరు, ఫోను రెండూ ఉన్న సమాజాలను చూసి కట్టినది. అక్కడ ఫోను యాప్ అసలు పనికి తోక లాంటిది. దానిలో ఏదైనా కుదరకపోతే ఇంటికి వెళ్ళి కంప్యూటరు తెరుస్తారు. ఇక్కడ ఎంతోమందికి ఫోనే మొదటి కంప్యూటరు, చాలామందికి అదే ఆఖరిది కూడా. అటువంటివారికి పేజీ తిప్పడం తోకలో భాగం కాదు, పనిలో భాగం.

గూగుల్ గీసిన గీత వేరే చోట ఉంది. అక్కడ మీటలకు తాళాలు తక్కువ, నిల్వకు హద్దు ఉంది. గూగుల్ ఖాతాకు ఊరికే ఇచ్చే 15 జీబీ చోటును మెయిలు, డ్రైవు, ఫొటోలు మూడూ పంచుకుంటాయి. 2021 జూన్ 1 తరువాత తయారైన డాక్స్, షీట్స్ ఫైళ్ళు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. కొన్ని కిలోబైట్లు మాత్రమే ఉండే హాజరు పట్టిక ఎంత చోటు తింటుందని అనిపించడం సహజమే గాని, చోటు నిండేది దానివల్ల కాదు, పక్క గదిలో చేరిన పెళ్ళి వీడియోల వల్ల. హద్దు దాటినప్పుడు కొత్త పత్రం సృష్టించడం ఆగిపోతుంది, మెయిళ్ళు రావడం కూడా ఆగిపోవచ్చు. ఇక్కడ వసూలుకు కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి, ఎందుకంటే నిల్వ అంటే ఎక్కడో నడుస్తున్న యంత్రాలు, వాటికి కరెంటు, చల్లదనం, కాపలా. ఉచితంగా ఇచ్చిన ప్రతి జీబీకి ఎవరో ఒకరు బిల్లు కడుతూనే ఉంటారు. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో ఊరికే ఇచ్చేది 5 జీబీ, వ్యక్తిగత చందాదారుకు ఇచ్చేది 1 టీబీ, అంటే సుమారు వెయ్యి జీబీ. చందాలో నిజంగా ఖర్చున్న భాగం ఇదే గనుక, ఏడాది సొమ్ము కట్టే ముందు ఇంత చోటు తనకు అవసరమా అని చూసుకోవడం వాడుకరికి ఉన్న గట్టి కొలబద్ద.

మూడో రకం యాప్‌లు అటు నిల్వనూ ఇటు మీటలనూ కాకుండా వాడుకరి కంటిని అమ్ముకుంటాయి. ఫైలు తెరిచే ముందు ప్రకటన, మూసే ముందు ప్రకటన, పీడీఎఫ్ చేస్తే పేజీ అడుగున యాప్ పేరుతో వాటర్‌మార్కు. అది తీసేయాలంటే చందా. ఉద్యోగ దరఖాస్తుకు జతచేసిన ధ్రువపత్రం కింద ఏదో స్కానింగు యాప్ పేరు అచ్చై ఉండటం కార్యాలయాల్లో తరచూ కనిపించేదే. అటువంటి యాప్‌లలో ఇంటింటా ఉన్న క్యామ్‌స్కానర్‌ను 2020 జూన్ 29న భారత ప్రభుత్వం మరో 58 యాప్‌లతో కలిపి నిషేధించినప్పుడు, ఉచితంగా వాడినవారూ చందా కట్టినవారూ ఒకే గట్టున మిగిలారు.

డబ్బుతోనూ తీరని ఇబ్బంది ఒకటి తెలుగు రాసేవారికి ప్రత్యేకంగా ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, తరువాత కూడా చాలాకాలం, తెలుగు డీటీపీ పని అను వంటి ఫాంట్లలో సాగింది. వాటిలో ఫైలు లోపల దాగి ఉండేవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు, రోమన్ అక్షరాల సంకేతాలు, వాటి మీద ఫాంటు తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని ఫోనులో అటువంటి కరపత్రం తెరిస్తే కొమ్ములూ చుక్కలూ ఉన్న విదేశీ అక్షరాల గుట్ట కనిపిస్తుంది. ఏ చందా కట్టినా ఆ గుట్ట తెలుగుగా మారదు. యూనికోడ్‌లోకి మార్చుకోవడమో, ముందే పీడీఎఫ్ చేసి పంపుకోవడమో తప్ప వేరే దారి లేదు.

చందా కట్టదలచినవారికి ఫీచరు కంటే ముఖ్యమైన అంశం ఆటోపే, అనగా గడువు ముగిసినప్పుడల్లా అడగకుండానే ఖాతా నుంచి సొమ్ము పోయే ఏర్పాటు. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం సొమ్ము తీసుకునే 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు అందాలి. ఓటీపీ అడగకుండా తీసుకోగల మొత్తం మొదట 5,000 రూపాయలుగా ఉండి, 2022 జూన్‌లో 15,000కు పెరిగింది. ఏడాది చందాలు ఈ హద్దులోపే ఉంటాయి గనుక ఆ కబురు చదవకుండా వదిలేస్తే సొమ్ము చప్పుడు చేయకుండానే పోతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్, అంటే వాడుకరిని తికమకపెట్టి తాము కోరిన మీట నొక్కించే తెర కిటుకులు, 13 రకాలని గుర్తించి నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిలో చందా ఉచ్చు ఒకటి. రద్దు చేసే దారిని దాచిపెట్టడం, ఉచిత చందాకు కూడా ముందుగానే చెల్లింపు వివరాలు ఇవ్వాలని పట్టుబట్టడం ఇందులోకి వస్తాయి. మొదటి నెల ఉచితం అంటూనే కార్డు నంబరు అడిగే తెరలు ఇప్పటికీ కనబడుతూనే ఉన్నాయి గనుక, ఈ నియమం తెలిసి ఉండటం వల్ల నష్టమేమీ లేదు.

ఇటీవల తాళాల జాబితాలోకి కృత్రిమ మేధ వచ్చి చేరింది. మైక్రోసాఫ్ట్ 2025 జనవరిలో తన వ్యక్తిగత, కుటుంబ చందాల్లో కోపైలట్‌ను కలిపి ధర పెంచింది. ఆస్ట్రేలియాలో అది లేని పాత ధర రకం అందుబాటులో ఉన్నా, ఆ సంగతి సుమారు 27 లక్షల మంది చందాదారులకు సరిగా చెప్పలేదని ఆ దేశపు పోటీ, వినియోగదారుల కమిషన్ అదే ఏడాది అక్టోబరులో కోర్టుకెక్కింది. పేజీ తిప్పడానికి లేని ఖర్చు దీనికి నిజంగా ఉంది, అడిగిన ప్రతి ప్రశ్నకూ ఎక్కడో ఖరీదైన యంత్రం పనిచేయాలి. అయినా అడగనివాడి సంచిలో కూడా కొసరు వేసి, దాని వెలను అసలులో కలిపేయడం సంతలో చెల్లే బేరం కాదు.

తాళాలే లేని దారి కూడా ఉంది గాని దాన్ని పట్టేవారు తక్కువ. లిబ్రేఆఫీస్ ఆధారంగా తయారైన కొలాబరా ఆఫీస్ యాప్ ఫోనులో ఉచితంగా, ప్రకటనలు లేకుండా దొరుకుతుంది. చిన్న తెర మీద దాని పట్టీలు కొంత చిరాకు పెడతాయన్నది నిజమే.

ఇంతకీ ఆ మధ్యాహ్న భోజన పట్టిక కథ చాలా ఊళ్ళలో ముగిసేది జిరాక్స్ దుకాణంలో. ఉపాధ్యాయుడు ఫైలును వాట్సాప్‌లో దుకాణం నంబరుకు పంపుతాడు, అక్కడి కుర్రవాడు దాన్ని కంప్యూటరులో తెరిచి, లేఅవుట్‌లోకి వెళ్ళి ల్యాండ్‌స్కేప్ నొక్కి, గళ్ళను కాస్త సర్ది ప్రింటు తీస్తాడు. డబ్బు తీసుకునేది పేజీకి ఇంతని ప్రింటుకే. పేజీ తిప్పడం ఆ దుకాణం లెక్కలో ఇప్పటికీ కొసరు.